ఐదో సింఫనీ ఒకటే, రికార్డింగులు వంద: తేడా అంతా కండక్టర్‌దేనా?

2025 మార్చిలో ఇళయరాజా లండన్‌లో తన సింఫనీ వినిపించి వచ్చాక హైదరాబాద్ సంగీతప్రియుల్లో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. సింఫనీ అంటే ఏమిటన్నది కాదు, దానికి గూగుల్ జవాబు చెప్పేస్తుంది. ‘‘బీథోవెన్ ఐదో సింఫనీ విందామని యూట్యూబ్‌లో కొడితే వందల వీడియోలు వస్తున్నాయి. ఒక్కోదానికి ఒక్కో కండక్టర్ పేరు. అందరి ముందూ ఉండేది అదే నొటేషన్ కదా, మరి తేడా ఏముంటుంది? ఉంటే ఏది వినాలి?’’ ఇదీ అసలు చిక్కు.

మన కచేరీలో ఈ ప్రశ్న రాదు. ఒకే కృతిని ఇద్దరు విద్వాంసులు పాడితే పాఠాంతరం మారుతుంది, సంగతులు మారతాయి, నెరవల్ ఎత్తుకునే చోటు మారుతుంది. తేడా లేకపోతేనే ఆశ్చర్యపోతాం. సింఫనీలో అలా కాదు. ఏ వాద్యం ఏ స్వరం ఎంతసేపు పలకాలో కాగితం మీద ఉంటుంది. ఆర్కెస్ట్రాను చేతి సైగలతో నడిపించే కండక్టర్ సొంతంగా ఒక్క స్వరం కూడా చేర్చడు. పైగా వేదిక మీద ఏ వాద్యమూ వాయించని మనిషి ఆయనొక్కడే. అలాంటప్పుడు రెండు రికార్డింగులు విన్నవెంటనే వేరువేరుగా ఎందుకు వినిపిస్తాయి?

నా ఉద్దేశంలో ఇక్కడ మూడు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కండక్టర్ తీసుకున్న నిర్ణయాలు ఒకటి. ఆయన ముందున్న అచ్చుప్రతి రెండోది. ఆ రోజు పెట్టిన మైకూ హాలూ మూడోది. మనం ఈ మూడింటి మంచిచెడ్డల్నీ కండక్టర్ ఖాతాలోనే రాసేస్తాం. ‘టోస్కనీని పొడిపొడిగా వాయిస్తాడు’, ‘కరాయన్ మెరుగు పెడతాడు’ లాంటి తీర్పుల్లో సగం స్టూడియో గోడల గురించి చెప్పినవే.

మొదటి అయిదు బార్లు

అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలతోనే మొదలుపెడదాం. మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. ‘విధి తలుపు తడుతోంది’ అని బీథోవెన్ అన్నట్టు ప్రచారం చేసింది ఆయన దగ్గర కార్యదర్శిగా తిరిగిన షిండ్లర్. బీథోవెన్ సంభాషణ పుస్తకాల్లో (చెవుడు వచ్చాక ఎదుటివాళ్ళు ఆయనకు చెప్పాల్సింది రాసి చూపిన పుస్తకాలు) ఈయన తర్వాత్తర్వాత దొంగరాతలు చేర్చాడని 1977లో బయటపడింది. కాబట్టి ఆ మాటను ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోండి. బీథోవెన్ శిష్యుడు చెర్నీ చెప్పింది వేరు: అది వియన్నా పార్కులో విన్న ఒక పిట్ట కూత అని. పిట్టయితే చకచకా వాయించాలి, విధి అయితే బరువుగా వాయించాలి. కథను బట్టి వేగం మారిపోతుందన్నమాట.

స్కోరులో, అంటే ఆ నొటేషన్ కాగితంలో, ఉన్నది మాత్రం ఇది. మొట్టమొదట ఒక చిన్న నిశ్శబ్దం, అంటే ఎత్తుగడ సమంలో కాదు, అనాగతంలో. తర్వాత మూడు స్వరాలు, నాలుగోదాని మీద ఫెర్మాటా, అంటే కండక్టర్ చెయ్యి దించేదాకా ఆపాల్సిన గుర్తు. మళ్ళీ మూడు స్వరాలు, మళ్ళీ ఆపు. అయితే రెండో ఆపుకు ఒక బార్, అంటే నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే ఒక తాళభాగం, అదనంగా ఉంది. అంటే మొదటిదానికంటే రెండోది పొడుగ్గా నిలవాలని రాసినవాడే చెప్పాడు. ఏ రికార్డింగు పెట్టినా మొదటి పది సెకన్లలో దీన్ని పరీక్షించవచ్చు. రెండు ఆపులూ సమానంగా ఉన్నాయా? రెండోది నిజంగా పొడుగ్గా ఉందా? ఆ నాలుగు స్వరాలు మిగతా మూవ్‌మెంట్ (సింఫనీలోని ఒక్కో పెద్ద భాగం) వేగంలోనే ఉన్నాయా, లేక గుమ్మానికి కట్టిన తోరణంలా విడిగా నెమ్మదిగా ఉన్నాయా?

పాతతరం కండక్టర్లలో చాలామంది తోరణం కట్టేవాళ్ళే. ఫుర్ట్‌వెంగ్లర్ దగ్గర ఆ స్వరాలు పెద్దగా, బరువుగా దిగుతాయి, ఆ తర్వాతే అసలు పరుగు మొదలవుతుంది. కార్లోస్ క్లైబర్ దగ్గర ఆ తేడా దాదాపు ఉండదు. తలుపు తట్టడం, లోపలికి దూసుకురావడం రెండూ ఒకే ఊపులో అయిపోతాయి.

108 అనే అంకె

బీథోవెన్ ఈ సింఫనీని 1808 డిసెంబర్ 22న వియన్నాలో మొదటిసారి వినిపించాడు. చలి, నాలుగు గంటల పైచిలుకు కార్యక్రమం, చాలని రిహార్సల్. ఆరో సింఫనీ, నాలుగో పియానో కాన్సెర్టో కూడా ఆ సాయంత్రమే. వేగాన్ని టిక్‌టిక్‌మంటూ కొలిచే మెట్రోనోమ్ అప్పటికి లేదు. మెల్త్సెల్ దానికి 1815లో పేటెంట్ తీసుకున్నాడు. 1817లో బీథోవెన్ అప్పటిదాకా రాసిన ఎనిమిది సింఫనీలకూ వేగాలు అంకెల్లో ప్రకటించాడు. ఐదోదాని మొదటి మూవ్‌మెంట్‌కు ఇచ్చింది 108, అంటే నిమిషానికి 108 బార్లు.

చిన్న లెక్క వేద్దాం. ఆ మూవ్‌మెంట్‌లో 502 బార్లున్నాయి. మొదటి 124 బార్లు రెండోసారి వాయించమని గుర్తుంది. మొత్తం 626. దాన్ని 108తో భాగిస్తే ఆరు నిమిషాల లోపే. ఆపులు, మధ్యలో ఒబో అనే ఊదుడు వాద్యం ఒంటరిగా పాడే చోటు కలుపుకున్నా ఆరున్నర దగ్గర ముగియాలి. ఇప్పుడు క్లైబర్ 1974 రికార్డింగు చూడండి: 7 నిమిషాల 22 సెకన్లు. ఎవరినడిగినా ‘నిప్పులు చెరిగే వేగం’ అనే ఆ రికార్డింగు బీథోవెన్ అంకెను అందుకోలేదు! క్లెంపరర్ 1959లో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసింది దాదాపు తొమ్మిది నిమిషాలు.

108 గురించి సంగీతజ్ఞులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. మెట్రోనోమ్ చెడిపోయి ఉంటుందని కొందరు, చెవుడు వచ్చిన మనిషి మనసులో విన్న వేగం వాద్యాల మీద సాధ్యం కాదని కొందరు. 2020లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇంకో మాట చెప్పింది: మెట్రోనోమ్ కడ్డీ మీద జరిగే బరువుకు పై అంచు దగ్గరి అంకె చదవాల్సింది పోయి కింది అంచు దగ్గరిది చదివి ఉండవచ్చని. తొమ్మిదో సింఫనీ రాతప్రతిలో బీథోవెన్ ‘108 లేదా 120’ అని రాసుకోవడం ఈ అనుమానానికి ఊతం. నాకు ఈ వాదన ముచ్చటగానే ఉంది కానీ పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. ఎందుకంటే పాతకాలపు వాద్యాలతో, చిన్న ఆర్కెస్ట్రాతో వాయించినవాళ్ళు 108 దగ్గరికి హాయిగా చేరుకున్నారు. 1980ల చివర్లో నారింగ్టన్, 1994లో గార్డినర్ అదే చేసి చూపించారు. గార్డినర్ వినిపించే ఫ్రెంచి విప్లవగీతాల ఊపు ఆ వేగంలోనే బయటపడుతుంది.

చిక్కడపల్లిలో ఉండే ఒక మృదంగ విద్వాంసుడు నాకు మిత్రుడు. త్యాగరాయ గానసభ కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తుంటాడు. పడమటి సంగీతం అలవాటు లేదు. ఒక ఆదివారం ఆయన్ను కూర్చోబెట్టి మొదటి మూవ్‌మెంట్ మూడు రకాలుగా వినిపించాను, పేర్లు చెప్పకుండా. మోకాలి మీద తాళం వేస్తూ విన్నాడు. టోస్కనీనిది అయ్యాక తల ఊపాడు. క్లైబర్‌ది వస్తున్నప్పుడు చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. ఫుర్ట్‌వెంగ్లర్ పెట్టగానే రెండు నిమిషాల్లో తాళం ఆపేశాడు.

‘‘ఏమండీ, ఈయనకు కాలప్రమాణం నిలవడం లేదు. ఒకచోట లాగుతున్నాడు, ఒకచోట పరిగెత్తిస్తున్నాడు. అంత పెద్ద విద్వాంసుడంటున్నారు?’’

నేనెన్ని వ్యాసాలు చదివినా ఇంత సూటిగా ఈ తేడా ఎవరూ చెప్పలేదు. ఇరవయ్యో శతాబ్దపు సింఫనీ వాయింపులో ఉన్న ప్రధానమైన చీలిక ఇదే. ఒక పక్క కాలప్రమాణాన్ని పట్టుకుని కూర్చునేవాళ్ళు: టోస్కనీని, సెల్, రైనర్. ఇంకో పక్క, లయ అనేది భావాన్ని బట్టి సాగాలనీ కుంచించుకోవాలనీ నమ్మేవాళ్ళు: నికిష్, ఆయన తర్వాత 1922లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ పగ్గాలు పట్టిన ఫుర్ట్‌వెంగ్లర్. నాకు రెండో పక్షంవాళ్ళ పద్ధతి కృతి పాడినట్టు కాక రాగం ఆలాపన చేసినట్టు అనిపిస్తుంది. తాళం వెయ్యకుండా వింటేనే అది అందుతుంది. మిత్రుడికి ఆ మాటే చెప్పాను. ‘‘ఆలాపనకు ఎనభైమంది ఎందుకండీ?’’ అన్నాడు.

1947 మే

ఫుర్ట్‌వెంగ్లర్‌ను అంత తేలిగ్గా వదిలేయలేం. నాజీ పాలనలో జర్మనీ వదలకుండా ఉండిపోయినందుకు యుద్ధం తర్వాత ఆయన్ను కండక్ట్ చేయనివ్వలేదు. విచారణ ముగిసి బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ముందుకు మళ్ళీ వచ్చింది 1947 మే 25న, టిటానియా పలాస్ట్ అనే సినిమాహాల్లో. ఆర్కెస్ట్రా పాత భవనం బాంబుల్లో పోయింది. ఆ రోజు కార్యక్రమమంతా బీథోవెనే, చివర ఐదో సింఫనీ. రెండు రోజుల తర్వాత, మే 27న చేసిన వాయింపు కూడా రికార్డయి ఉంది.

ఆయన గొప్పతనం తెలియాలంటే మొదటి మూవ్‌మెంట్ కాదు, మూడోదాని చివర వినాలి. అక్కడ తీగవాద్యాలు స్వరాలను సన్నగా పట్టుకుని ఉంటాయి. కింద టింపనీ అనే పెద్ద నగారా మెల్లగా, మొదటి నాలుగు స్వరాల లయనే గుర్తుచేస్తూ కొడుతుంటుంది. స్వరస్థాయి మారదు, ఏదో జరగబోతోందని మాత్రం తెలుస్తుంది. పైన వయొలిన్లు తడుముకుంటూ మెట్లెక్కుతాయి. ఉన్నట్టుండి శబ్దం ఉబికి, మూవ్‌మెంట్‌కూ మూవ్‌మెంట్‌కూ మధ్య విరామం లేకుండానే, సి మేజర్‌లో నాలుగోది భళ్ళున తెరుచుకుంటుంది. బీథోవెన్ అప్పటిదాకా దాచిపెట్టిన మూడు ట్రాంబోన్లు, పికోలో, కాంట్రాబసూన్ అనే ఊదుడు వాద్యాలు అక్కడే మొదటిసారి నోరు విప్పుతాయి. ‘టింపనీలు మూడు లేకపోయినా ఆరింటికి మించిన మోత వస్తుంది’ అనే అర్థంలో ఆయన తన పోషకుడు కౌంట్ ఓపెర్స్‌డోర్ఫ్‌కు ఉత్తరం కూడా రాశాడు.

చాలామంది ఆ చీకటి భాగాన్ని ఒక వంతెనలా దాటేస్తారు. 1947 వాయింపులో అది వంతెన కాదు, అక్కడ ఊపిరాడదు. టింపనీ ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టుంటుంది. ఆ తర్వాత చివరి పేజీల్లో ఆయన వేగం పెంచుకుంటూ పోయే తీరుకు స్కోరులో పూర్తి ఆధారం లేదు. మిత్రుడి భాషలో చెప్పాలంటే కాలప్రమాణం గంగలో కలిసింది. అయినా ఆ ఒక్క చోటు కోసం నేను మిగతా రికార్డింగులన్నిటి కంటే దీన్నే ఎక్కువసార్లు పెట్టుకుంటాను.

అచ్చుప్రతిలో దాగిన గొడవ

ఇప్పుడు కండక్టర్ ప్రమేయం లేని తేడాల దగ్గరికి వద్దాం. సింఫనీ 1809లో అచ్చయింది. మూడో మూవ్‌మెంట్‌లో రెండు బార్లు పొరపాటున ఎక్కువ పడ్డాయి. బీథోవెన్ 1810లోనే ప్రచురణకర్తలకు ఉత్తరం రాసి తీసేయమన్నాడు. తీయలేదు! ఆయన చనిపోయాక కూడా ఆర్కెస్ట్రాలు ఆ రెండు బార్లనూ భక్తిగా వాయించాయి. చివరికి 1846లో, సంగీతకర్త మెండెల్సన్ జోక్యంతో, ఆ ఉత్తరం లోకానికి తెలిసి తప్పు సరిదిద్దుకున్నారు.

ఆ రెండు బార్లు ఎలా పడ్డాయన్నదే ఇంకో గొడవకు మూలం. బీథోవెన్ మొదట ఈ మూవ్‌మెంట్‌లోని స్కెర్త్సో అనే చురుకైన భాగాన్ని, మధ్యలోని ట్రియో అనే భాగాన్ని రెండేసిసార్లు వాయించాలనుకున్నాడు. ఆ పునరావృత్తి గుర్తుల శేషమే ఆ రెండు బార్లు. మరి ఆ పునరావృత్తిని ఆయన నిజంగానే వద్దనుకున్నాడా? 1970ల చివర్లో వచ్చిన గ్యూల్కె సంపాదకత్వంలోని అచ్చుప్రతి ఆ పునరావృత్తిని తిరిగి చేర్చింది. 1990ల చివర్లో జోనథన్ డెల్ మార్ పరిష్కరించిన బేరెన్‌రైటర్ ప్రతి చేర్చలేదు. బులేజ్ ఈ ప్రతులేవీ రాకముందే, 1968లో, న్యూ ఫిల్‌హార్మోనియాతో ఆ పునరావృత్తి వాయించేశాడు. అందుకే మూడో మూవ్‌మెంట్ నిడివి ఒక రికార్డింగులో అయిదు నిమిషాలు, ఇంకోదానిలో ఎనిమిది ఉంటే ‘ఈయన నెమ్మది’ అనుకోకండి. నాలుగోదాంట్లోనూ అంతే. అక్కడి మొదటి 85 బార్లు మళ్ళీ వాయిస్తే సుమారు రెండు నిమిషాలు పెరుగుతుంది. క్లైబర్ వాయించాడు కాబట్టి ఆయన ఫినాలే, అంటే ఈ నాలుగో మూవ్‌మెంట్, 10 నిమిషాల 51 సెకన్లు. పాతకాలంలో చాలామంది వదిలేశారు. నిడివి పట్టికలు పక్కపక్కన పెట్టి వేగాలు తేల్చేవాళ్ళు ఈ ఒక్క విషయం మరిచి బోల్తా పడతారు.

చెవికి తేలిగ్గా దొరికే ఇంకో గుర్తు ఉంది. మొదటి మూవ్‌మెంట్‌లో రెండో రాగభాగాన్ని హారన్లు అనే ఇత్తడి ఊదుడు వాద్యాలు గట్టిగా ప్రకటిస్తాయి. అదే భాగం మళ్ళీ వచ్చినప్పుడు, ఒబో ఒంటరి పాట అయిన కాసేపటికి, బీథోవెన్ ఆ పని బసూన్లు అనే పొడుగాటి చెక్క ఊదుడు వాద్యాలకు ఇచ్చాడు. ఆనాటి హారన్‌కు మీటలు లేవు. ఇ-ఫ్లాట్ గొట్టంతో సి మేజర్‌లో ఆ స్వరాలు శుభ్రంగా పలకవు. మీటల హారన్లు వచ్చాక ఇరవయ్యో శతాబ్దపు కండక్టర్లు చాలామంది ‘ఇప్పుడుంటే ఆయనా హారన్లకే ఇచ్చేవాడు’ అని మార్చేశారు. పాత వాద్యాలవాళ్ళు తిరిగి బసూన్లకే ఇచ్చారు. మొదట విన్నప్పుడు ఆ బసూన్ల గొంతు ముక్కుతో పలికినట్టు, కొంచెం హాస్యంగా కూడా ఉంటుంది. విధి తలుపు తడుతుంటే ఈ హాస్యమేమిటని కొందరికి చిరాకు. నాకు మాత్రం అదే ఇష్టం.

మైకు, గోడలు

నికిష్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో 1913 నవంబర్‌లో ఈ సింఫనీ మొత్తం రికార్డు చేశాడు. అప్పటికి మైకు లేదు. వాద్యకారులు ఒక పెద్ద బాకా ముందు కిక్కిరిసి కూర్చుని వాయిస్తే ఆ గాలి కదలికే మైనంలో గీతలు గీసేది. మంద్రస్థాయి తీగవాద్యాలు, టింపనీ ఆ బాకాకు సరిగా పట్టేవి కావు. ఒక్కో పక్క నాలుగైదు నిమిషాలే పట్టేది కాబట్టి మూవ్‌మెంట్లను ముక్కలు చెయ్యాల్సి వచ్చేది. అందులో పలచగా వినపడేది నికిష్ ఆర్కెస్ట్రా కాదు, ఆ బాకాకు అందిన మేరకు మిగిలిన ఆర్కెస్ట్రా. 1925 నుంచి మైకు, 1948 నుంచి ఎల్పీ, 1950ల చివర్లో స్టీరియో వచ్చాక ఒక్కో మెట్టూ మారింది.

టోస్కనీని సంగతీ అంతే. ఆయన కోసం 1937లో పుట్టిన ఎన్‌బీసీ సింఫనీ ఆర్కెస్ట్రా న్యూయార్క్‌లోని స్టూడియో 8-హెచ్‌లో వాయించేది. ప్రతిధ్వని పెద్దగా లేని గది. 1939 రికార్డింగు అందుకే అంత కరుకు. అదే మనిషి, అదే ఆర్కెస్ట్రా 1952లో కార్నెగీ హాల్‌లో వాయించింది వినండి, కోపం తగ్గకపోయినా మాటలో తడి ఉంటుంది. కరాయన్ 1962 రికార్డింగు బెర్లిన్ శివారు డాలెమ్‌లోని ఒక చర్చిలో చేసింది. ఆ చర్చి గోడలు బెర్లిన్ తీగవాద్యాలకు చేసిన మేలు ఆయన చెయ్యి చేసినదానికి తక్కువేమీ కాదు. పసుపు లేబుల్ ఎల్పీల పుణ్యమా అని మన పాతతరం శ్రోతల ఇళ్ళల్లో ఎక్కువగా మోగింది కరాయన్ బీథోవెనే. అది అందంగా ఉంటుంది, నాకు మాత్రం నున్నగా జారిపోతుంది.

క్లెంపరర్ దగ్గర స్టీరియో నిజంగా అర్థవంతమైంది. మొదటి వయొలిన్లను ఎడమవైపు, రెండో వయొలిన్లను కుడివైపు కూర్చోబెట్టడం ఆయన అలవాటు, బీథోవెన్ కాలపు పద్ధతి కూడా అదే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆ నాలుగు స్వరాలు ఒక చెవిలోంచి ఇంకో చెవికి ఎగరడం వినిపిస్తుంది. వేగం తక్కువ కావడం వల్ల బసూన్లు, క్లారినెట్లు ఏం చెబుతున్నాయో ప్రతి మాటా తెలుస్తుంది. మృదంగ మిత్రుడికి ఇంకోరోజు దీన్ని వినిపిస్తే, ‘‘ఇది విళంబకాలం. ఇందులో తప్పు చేస్తే దాక్కోవడానికి చోటుండదు’’ అన్నాడు.

సరే, ఏది వినాలి

మొదటిసారి వినేవాళ్ళకు క్లైబర్. 1974లో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో, వియన్నాలోనే చేసింది. దాని పేరు ఎంత మోగిందంటే, అసలు వినకుండానే పొగిడేవాళ్ళున్నారు. విన్నాక నాకు అర్థమైంది ఇది: ఆయన ఎక్కడా తొందరపడడు, వదులూ చెయ్యడు. హారన్ల పిలుపు తర్వాత వయొలిన్లు నెమ్మదించి సొగసు పోతాయని మనం ఎదురుచూసే చోట, వేగం తగ్గకుండానే సొగసు వస్తుంది. మొదటి మూవ్‌మెంట్ గడియారం చెప్పేదానికంటే వేగంగా అనిపించడానికి అదే కారణం. ఆయన తండ్రి ఎరిక్ క్లైబర్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సెర్ట్‌హెబావ్‌తో చేసింది పక్కన పెట్టి వింటే కొడుకు ఎక్కడ నేర్చుకున్నాడో తెలుస్తుంది. మోనో కావడంతో తండ్రిని అందరూ దాటేస్తున్నారు, అది అన్యాయం.

రెండోది గార్డినర్ 1994, బసూన్ల కోసం, గట్టి పుల్లలతో కొట్టిన టింపనీ కోసం. పాత వాద్యాలు చెవికి గరుకనిపిస్తే హార్నన్‌కూర్ ఉన్నాడు. మామూలు ఆర్కెస్ట్రాలోనే పాత బాకాలు కలిపి 1990ల మొదట్లో చేసింది రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. కురెంట్జిస్ 2020లో విడుదల చేసినది యువతకు బాగా ఎక్కింది. ప్రతి పదానికీ కింద గీత గీసినట్టుంటుంది, రెండోసారి వినేసరికి నాకు అలసట వచ్చింది.

ఆ తర్వాతే ఫుర్ట్‌వెంగ్లర్, తాళం వెయ్యకుండా. ఆయన ఈ సింఫనీని 1926 నుంచి, చనిపోయిన 1954 వరకూ మళ్ళీమళ్ళీ రికార్డు చేశాడు. యుద్ధకాలపు 1943ది ఉంది, 1947 మే 25ది, మే 27ది ఉన్నాయి, వియన్నాలో స్టూడియోలో చేసిన 1954ది ఉంది. యూట్యూబ్‌లో వీటి పేర్లు ఒకదానిది ఒకదానికి తగిలించి ఉండటం మామూలే. శీర్షికలో ‘1947’ అని మాత్రమే ఉంటే వివరణ తెరిచి తేదీ, హాలు చూడండి. తేదీ లేని అప్‌లోడ్ అయితే దాని మీద ఏ అభిప్రాయమూ పెట్టుకోకుండా ఇంకోటి వెతుక్కోవడం మేలు.